దోసిట్లో నీళ్లు

ఏన్కూరు దాటి అడవి వైపు పోయే దారిలో ఉంటుంది ఆ ఊరు. ఒకప్పుడు అక్కడ ఎవరింట్లో పెళ్లి పెట్టుకున్నా, పసుపు కొమ్ముల మీద మొదటి రోకటిపోటు ప్రమీలారాణి వేయాల్సిందే. ఆమె హస్తవాసి అలాంటిదని పేరు. ఆమె దంచిన పసుపు రాసుకున్న ఆడపిల్లలంతా పిల్లాపాపలతో చల్లగా ఉన్నారని ఊళ్లో చెప్పుకునేవారు. చల్లగా లేనివాళ్ల సంగతి ఎవరూ ఆరా తీసినట్టు లేదు. ఊరికి ఒక నమ్మకం కావాలి, దానికొక చెయ్యి కావాలి. ఆ చెయ్యి పెద్దింటిదైతే మరీ మంచిది.

పెద్దిల్లంటే వెంకటరామారావుది. ఆయన తండ్రి కృష్ణా జిల్లా నుంచి బండి కట్టుకుని వచ్చి, అడవి అంచున భూమి సంపాదించి మామిడి తోట వేశాడు. అంతకుముందు అది ఎవరు అడవి కొట్టి దున్నుకున్న పోడో పక్క కోయగూడెంలో ముసలివాళ్లకు గుర్తుందిగానీ ఎవరూ పైకి అనరు. కొడుకు చేతికి వచ్చేసరికి ఇల్లు మేడ అయింది. శ్రీరామనవమికి భద్రాచలం కల్యాణంలో ముందువరసలో చోటు, ఊరి పంచాయితీలో కుర్చీ, ఎవరింటి విందులోనైనా మొదటి బంతి, ఇవన్నీ ఆ ఇంటికి అడగకుండానే వచ్చేవి. పద్దెనిమిదేళ్లకు కోడలిగా అడుగుపెట్టిన ప్రమీలారాణికి అవన్నీ కాలి మెట్టెల్లాగా అలవాటైపోయాయి. ఉన్నాయని కూడా గుర్తుండేది కాదు.

అత్తగారు నేర్పిన పద్ధతి ఒకటుంది ఆ ఇంట్లో. కూలీలు నీళ్లడిగితే పశువుల కొట్టం పక్కకు రమ్మనాలి. వాళ్లు వంగి దోసిలి పడతారు. ఇత్తడి చెంబు ఎత్తి పట్టుకుని పైనుంచి పోయాలి. ధార తెగకూడదు, చెంబు వాళ్ల చేతికి తగలకూడదు. ప్రమీలారాణి దయలేని మనిషి కాదు సుమా. కుండలో చల్లటి నీళ్లే పోసేది, ఎండాకాలంలో మజ్జిగ కూడా పోసేది. చాలన్నదాకా చెయ్యి దించేది కాదు. గూడెంలో ఆమెను చల్లని తల్లి అనేవారు.

రెండువేల ఒకటిలో, వానలు వెనకబట్టే వేళ, ఆమెకు చలిజ్వరం పట్టుకుంది. అడవి అంచు ఊళ్లకు అది ఏటేటా వచ్చే చుట్టమే. అయితే ఈసారి వచ్చిన చుట్టం పోనంది. ఖమ్మంలో పెద్ద ఆసుపత్రిలో చూపించారు, తగ్గింది. ఇంటికి తెచ్చారు, తిరగబెట్టింది. ఆ జ్వరంలో రోజులు వరసలో రాలేదు. పొద్దున్నే దీపం పెట్టినట్టుండేది, కళ్లు తెరిస్తే సాయంత్రం. చిన్నప్పుడు పోయిన నాయనమ్మ మంచం పక్కన కూర్చుని వత్తులు చేసేది. గోడల మీద సున్నం నీళ్లలా కదిలేది. ఇంట్లో పోపు వాసన వస్తే కడుపులో దేవేది, మనుషులు మాట్లాడితే తల పగిలేది. చివరికి డాక్టరు గాలిమార్పు కావాలంటే, వెంకటరామారావు తోటలో ఉన్న చిన్న ఇంటికి సున్నం వేయించి, మామిడి చెట్టు కింద నులకమంచం వేయించాడు.

అప్పుడు మామిడి పూత కాలం. తోటంతా ఒక్క రంగు, ఒక్క వాసన. తేనెటీగల రొద ఎంత నిండుగా ఉండేదంటే, కాసేపటికి అది బయటినుంచి వస్తున్నదో తన ఒంట్లోంచే వస్తున్నదో తెలిసేది కాదు. ఆ రొదలో ఒక పాట కూడా ఉండేది. తోటకు కాపలా ఉండే జంపక్క పాట అది. గూడెం మనిషి, కోయ మనిషి. మాటలు సగం కోయభాషలో, సగం తెలుగులో ఉండేవి. తెలుగు మాటల్లో యేసయ్య పేరు వినబడేది, మిగతాదంతా ఆకుల చప్పుడులో కలిసిపోయేది. ప్రమీలారాణి కళ్లు మూసుకుని ఆ పాట అంచు పట్టుకుని ఎటో పోయేది, మళ్లీ వచ్చేది.

ఒక మధ్యాహ్నం అలా పోయి వచ్చేసరికి నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. ఇంటినుంచి నీళ్ల బిందె తెచ్చే మనిషి ఇంకా రాలేదు.

"నీళ్లు" అంది.

జంపక్క గాభరాపడింది. "బిందె రాలేదమ్మా ఇంకా. నా బుర్రల ఉన్నయి గనీ..."

కొమ్మకు వేలాడుతోంది ఎండిన సొరకాయ బుర్ర. అడవిలోకి పోయేవాళ్లు నీళ్లకు వాడేది అదే. ఎంత ఎండలోనైనా అందులో నీళ్లు చల్లగా ఉంటాయి.

"అదే ఇవ్వు."

"అయ్యో, నా ఎంగిలి బుర్ర మీరెట్ల నోట పెట్టుకుంటరమ్మా?" జంపక్క ఒక్క క్షణం ఆలోచించింది. పెద్దింటి ఆడమనిషికి తన ఎంగిలి అంటకూడదు, ప్రాణం మీదికి వచ్చిన దాహమూ తీరాలి. ఆమెకు తెలిసిన దారి ఒకటే. "దోసిలి పట్టుండ్రి, నేను పైనుంచి పోస్తా."

పూర్తిగా మర్యాద కొద్దీ అన్న మాట. ఆ మాటలో ఇంకేదైనా ఉందని జంపక్కకు కలలో కూడా తోచదు. ప్రమీలారాణి లేచి కూర్చుంది. కాళ్లు మంచం దించి, నడుం వంచి, రెండు చేతులూ దగ్గరగా చేర్చి నోటిముందు పట్టింది. నలభై దాటిన ఆ మనిషి పుట్టి బుద్ధెరిగాక అలా పట్టడం అదే మొదలు.

కింద నుంచి చూస్తే అంతా వేరుగా ఉంది. పైన మామిడి పూత, పూత సందులో ఎండ, ఎండలో బుర్ర మూతి, అక్కడినుంచి దిగుతున్న ఒక నీటిపోగు. పోసే మనిషి ముఖం కనబడలేదు. ఒక చెయ్యి మాత్రం కనబడింది. తను కూడా ఇన్నేళ్లూ ఇంతమందికి ఇలాగే కనబడి ఉంటుంది, ముఖం లేకుండా, ఒక చెంబూ నాలుగు గాజులూ అయి. అది తోచగానే ఆమెకు ఏడుపు వచ్చింది. నీళ్లు తాగుతూ ఏడిస్తే పొలమారుతుంది. పొలమారి, దగ్గి, మంచం మీద వాలిపోయింది.

జంపక్క భయపడిపోయింది. తను తప్పు చేశాననుకుంది. అడగకుండానే ఆమె నుదుటి మీద చెయ్యి వేసి, "ఓ యేసయ్యా, గీ తల్లికి చల్లగ చెయ్యి. నాకు తెల్వదు, నువ్వే జెర చూసుకో" అని గొణిగింది. ఆ చేతికి ఇప్పపువ్వు వాసన.

జ్వరం ఆ రోజే తగ్గిందని చెబితే కథ బాగుంటుందిగానీ, తగ్గలేదు. ఇంకా చాలా రోజులు మందులు మింగింది. కానీ అప్పటినుంచి ఆమెకు ఒక కల వచ్చేది. ఒక పెద్ద చెట్టు కింద తను వంగి దోసిలి పట్టి ఉంటుంది. పైనుంచి నీళ్లు పడుతుంటాయి. పోసేది ఎవరో తలెత్తి చూడాలనుకుంటుంది, చూస్తే నీళ్లు ఒలికిపోతాయేమోనని ఆగుతుంది. మెలకువ వచ్చేసరికి చేతులు నిజంగానే దగ్గరగా చేరి ఉండేవి.

ఒంట్లో శక్తి వచ్చాక ఒక ఆదివారం తోట చివరి కంచె దాటి గూడెం వైపు నడిచింది. జంపక్క వాళ్లు ప్రార్థనకు పోయే, తాటాకు కప్పిన మందిరం ఉంది అక్కడ. నేల పేడతో అలికి ఉంది. గూడెంలో చాలామంది తమ వేల్పుల్నే కొలుచుకుంటారు, కొన్ని ఇళ్లవాళ్లు ఇక్కడికొస్తారు. ఇద్దరూ కలిసే తునికాకు కోయడానికి పోతారు, కలిసే తిట్టుకుంటారు. పాస్టరు పేరు రమణ. వారమంతా ఖమ్మం పక్కన ఖానాపురం హవేలిలో షేరాటో తోలతాడు. ఆదివారం తెల్లవారగానే ఆటోను దారి ఉన్నంతవరకు తెచ్చి, మిగతాది నడుస్తాడు. ప్రసంగంలో గొంతు పెంచితే, ఇంకొకరిని ఎక్కించుకోవడానికి కేకేస్తున్నట్టే ఉంటుంది.

ఆ రోజు రమణ ఒక రాజుగారింట పెరిగిన మనిషి గురించి చెప్పాడు. మేడలో అన్నీ ఉండగా, ఇటుకలు కోసే బానిసల్ని చూసి వీళ్లే నావాళ్లని వాళ్లతో నడిచిపోయినవాడి గురించి. అందరూ లేచాక ప్రమీలారాణి రమణను ఒకటే అడిగింది. "పోయేటప్పుడు ఆయన వెనక్కి తిరిగి మేడ వైపు చూసుకున్నాడా?"

రమణ తల గోక్కున్నాడు. "గది రాయలేదమ్మా. చూసే ఉంటడు. మనిషే గద."

ఆ జవాబు ఆమెకు నచ్చింది. ప్రతి ఆదివారం వెళ్లసాగింది. నెలకోసారి ప్రభువు బల్ల నాడు ఎండుద్రాక్ష నానబెట్టి తీసిన రసం ఒకే స్టీలు గ్లాసులో వరసంతా తిరిగేది. తన తర్వాత గ్లాసు ఆమెకు ఇవ్వాల్సొచ్చినప్పుడల్లా జంపక్క కొంగుతో అంచు తుడిచేది. తుడవద్దని ఎన్నిసార్లు చెప్పినా తుడిచేది. గూడెంలో ఆడవాళ్లంతా ఒకరినొకరు అక్కా అని పిలుచుకునే ఆ మందిరంలో ఆమె ఒక్కతే అమ్మగారుగా ఉండిపోయింది. తర్వాతి ఏడు వాగులో బాప్తిస్మం తీసుకుంది. నీళ్లలో మునిగి లేచేసరికి నుదుటి బొట్టు కరిగి పోయింది. ఇంటికి వచ్చి అద్దం ముందు చాలాసేపు నిలబడి, మళ్లీ పెట్టుకోకుండానే వంటింట్లోకి వెళ్లింది.

వెంకటరామారావు కొట్టే రకం కాదు, తిట్టే రకమూ కాదు, ఎత్తిపొడిచే రకం. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అనేవాడు అన్నంలో పెరుగు కలుపుకుంటూ. "నలుగురితో నారాయణా అంటే ఏం పోతుంది నీకు?" ఆమె నవ్వి ఊరుకునేది. ఆయన వెంటనే తగవు పెంచకపోవడానికి కారణం భయం. చావు దాకా పోయి వచ్చిన మనిషి, ఎక్కువ అంటే మళ్లీ పడిపోతుందేమోనని. ఆమె తోట వెనక దారిన పోయేది, ఆయన అటు చూసేవాడు కాదు. ఆ ఇంట్లో అదొక ఒడంబడికలా కుదిరిపోయింది.

ఊరు మాత్రం ఊరుకోలేదు. ఒకరోజు పసుపు దంచేవాళ్లను పిలుచుకుపోయే పెళ్లి మేళం వీధిలోకి వచ్చింది. అలవాటు చొప్పున ప్రమీలారాణి చేతులు కడుక్కుని, తడి తుడుచుకుని గుమ్మంలోకి వచ్చింది. మేళం ఆగలేదు. సన్నాయి ఊదేవాడు మాత్రం ఒక్కసారి తల తిప్పి చూసి మళ్లీ ముందుకు తిప్పుకున్నాడు. బోసి నుదురు మనిషి చేత్తో పసుపు దంచిస్తే శుభమా? ఇదివరకు ఎంతమంది భర్త పోయిన ఆడవాళ్లు ఆ మేళం వస్తుంటే తలుపు చాటుకు తప్పుకునేవారో, వాళ్లు ఆ చాటునుంచి ఏం చూసేవారో, ఆమెకు ఆ రోజు తెలిసింది. బాధ పడలేదంటే అబద్ధం. మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. నాలుగో రోజు కలలో మళ్లీ నీళ్లు పడ్డాయి.

ఇలా ఉండగా కూతురు పద్మప్రియకు సంబంధం కుదిరింది. వేంసూరు వైపు పేరున్న కుటుంబం, అబ్బాయి జయప్రకాశ్ హైదరాబాదులో ఇంజనీరు. రెండువేల ఆరు వేసవిలో ముహూర్తం. వెంకటరామారావు భార్యను ఎదురుగా కూర్చోబెట్టుకుని నెమ్మదిగానే మాట్లాడాడు. కన్యాదానం పీటల మీద తమ్ముడూ మరదలూ కూర్చుంటారు, నీకు ఒంట్లో బాగాలేదని వియ్యాలవారికి చెప్పాను. నువ్వు చెయ్యాల్సింది రెండే. ఆ రోజు నుదుట బొట్టు పెట్టుకో. వియ్యాలవారి బంతిలో వియ్యపురాలి పక్కన కూర్చో.

బొట్టు మాటకు ఆమె తల్లడిల్లింది. పద్మప్రియ వచ్చి ఒళ్లో తల పెట్టుకుంది. "అమ్మా, ఆ ఒక్కరోజు అందరిలా ఉండవూ? నా అత్తగారి ముందు నన్ను చిన్నబుచ్చకు." అంతే అంది పిల్ల. రమణను అడిగితే అతను మళ్లీ తల గోక్కున్నాడు. "దేవుడు నుదురు చూడడమ్మా. నీ మనసు ఒప్పకుంటే వద్దు. బిడ్డ కోసమంటవా, పెట్టుకో. నేనేం కొలుస్తనా?" ఆమె ఒప్పుకుంది. దారికి వచ్చిందని ఊరు సంబరపడింది.

పిలుపులకు మాత్రం ఆమె గూడెం కూడా వెళ్లింది. మందిరానికి వచ్చే ప్రతి ఇంటి గుమ్మంలో నిలబడి, పెళ్లికూతురి తల్లి ఎలా పిలవాలో అలా పిలిచింది. జంపక్క కొంగుతో చేతులు తుడుచుకుంది. "మేమెందుకమ్మా, మీ సుట్టాల నడుమ?"

"నువ్వు రాకపోతే నా తరఫున ఎవరూ రానట్టే."

గూడెం పొంగిపోయింది. ఉత్త చేతులతో పెళ్లికి పోలేరు గదా. అడవిలోకి పోయి అడ్డాకులు తెచ్చి, ఈనెపుల్లలతో కుట్టి, విస్తళ్లు కట్టలు కట్టారు. జంపక్క భర్త దూలయ్య, పెళ్లికని తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకురావడానికి ఏన్కూరు దాకా నడిచిపోయాడు.

ఇది తెలిసి వెంకటరామారావు పెద్దగా నవ్వాడు. "పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టుంది నీ పని. సరే, పిలిచావు. రానివ్వు, తిననివ్వు. అందరి బంతులూ లేచాక, కొట్టం దగ్గర." ఆమె ఏమీ అనలేదు. అనకపోవడం ఒప్పుకోవడమేనని ఆయన అనుకున్నాడు. ఆమె కూడా, తనేం చెయ్యబోతున్నదీ అప్పటికి ఎరగదు.

పెళ్లి అయింది. మధ్యాహ్నం భోజనాలు. షామియానా కింద బల్లలు వేసి, కోస్తానుంచి తెప్పించిన అరిటాకులు పరిచారు. మొదటి బంతి వియ్యాలవారిది. పెళ్లికూతురి తల్లి కూర్చుంటేగానీ వియ్యపురాలు కూర్చోదు, వియ్యపురాలు కూర్చుంటేగానీ వడ్డన మొదలవదు. అదీ మర్యాద. ప్రమీలారాణి పట్టుచీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని వచ్చి కుర్చీ మీద చెయ్యి వేసింది.

షామియానా అంచు కింద నుంచి పశువుల కొట్టం కనబడుతోంది. గూడెం వాళ్లంతా అక్కడ ఎండలో నిలబడి ఉన్నారు. పొద్దుటినుంచీ అక్కడే ఉన్నట్టున్నారు. దూలయ్యకు దాహం వేసినట్టుంది, వడ్డించే మనిషిని ఏదో అడిగాడు. ఆ మనిషి చెంబు తెచ్చి ఎత్తి పట్టుకున్నాడు. దూలయ్య వంగి దోసిలి పట్టాడు. నీళ్లు చేతుల్లోంచి జారి ఇస్త్రీ చొక్కా ముందంతా తడిసిపోయింది. తాగాక అతను దాన్ని అరచేత్తో నిమురుకుంటూ, ముడత పోతుందేమోనని లాగి చూసుకుంటున్నాడు.

షామియానాలో సందడి దూరంగా పోయింది. వాగులో మునిగినప్పుడు ఒడ్డున మాటలు ఎలా వినబడతాయో అలా అయింది. ఆకాశవాణి ఏదీ వినబడలేదు ఆమెకు. మామిడి పూత కాలం కాకపోయినా ఆ వాసన మాత్రం వచ్చింది. విస్తరి ముందు కూర్చుని మధ్యలో లేవకూడదు, అది అన్నాన్ని అవమానించడం. లేవాలంటే కూర్చోకముందే.

"కూర్చోండి వదినగారూ" అంది వియ్యపురాలు.

"మీరు కానివ్వండి వదినగారూ. ఏమీ అనుకోకండి. నేను పిలిచినవాళ్లు ఇంకా నిలబడే ఉన్నారు. నేను వాళ్లతో కూర్చుంటాను."

వియ్యపురాలు కొట్టం వైపు చూసింది. "ఎవరండీ వాళ్లు?"

పనివాళ్లు అనొచ్చు. తోట కాపలావాళ్లు అనొచ్చు. రెండూ నిజమే.

"నావాళ్లు" అంది ప్రమీలారాణి.

వెంకటరామారావు పక్కకు వచ్చాడు. ముఖం నవ్వుతూనే ఉంది, గొంతు మాత్రం ఆమెకు ఒక్కదానికే వినబడేటట్టు ఉంది. "ఇప్పుడు కూర్చోకపోతే ఈ ఇంట్లో నీకు ఇక కూర్చునే చోటుండదు. ఆలోచించుకో." అవతల పెళ్లిబట్టల్లో పద్మప్రియ తల్లినే చూస్తోంది. వద్దమ్మా అంటున్నాయి ఆ కళ్లు. ఆ చూపు దాటడమే ఆమెకు అన్నిటికంటే కష్టమైంది. మేడనీ, మేళాన్నీ, మొదటి బంతినీ ఎప్పుడో దాటేసింది. కన్నబిడ్డ కళ్లు దాటడం అలాంటిది కాదు. కుర్చీ మీదినుంచి చెయ్యి తీసి, షామియానా దాటి ఎండలోకి నడిచింది.

"పోండమ్మా, పోండి, అయ్య చూస్తుండు" జంపక్క చేతులు ఊపింది. ప్రమీలారాణి వెళ్లి ఆమె పక్కన నిలబడింది. బంతి తర్వాత బంతి లేచింది. అంతసేపూ పట్టుచీరలో చెమట కారుతూ వాళ్లతోనే నిలబడింది. ఊరు ఊరంతా అన్నం తింటూ ఆమెనే చూసింది. చివరికి కొట్టం పక్కన నేల మీద గూడెం వాళ్లు కుట్టిన అడ్డాకు విస్తళ్లే వేశారు. ఆమె జంపక్క పక్కన మఠం వేసుకుని కూర్చుంది. వడ్డించేవాళ్లకు ఆమె ముందుకు రావడానికి కాళ్లాడలేదు. పప్పు గిన్నె అక్కడే పెట్టి పోయారు. జంపక్క కాసేపు దిక్కులు చూసింది. తర్వాత తనే గరిటె తీసుకుంది.

"పప్పు ఏసుకో అక్కా" అంది.

అప్పగింతలప్పుడు పద్మప్రియ అందరినీ కావలించుకుని ఏడ్చింది, తల్లి దగ్గరికి రాలేదు. కారు అద్దం దించలేదు. ప్రమీలారాణి ఆ దుమ్ములో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. వెంకటరామారావు లోపలికి పోతూ ఒకే మాట అన్నాడు. "ఎక్కడ కూర్చున్నావో అక్కడే ఉండు." ఆయన మాట మీద నిలబడే మనిషి. ఆమె ఇంకా బాగా నిలబడే మనిషి. నాలుగు చీరలు మూట కట్టుకుని తోటలో చిన్నింటికి పోయింది.

అక్కడ రోజులు మళ్లీ జ్వరంలో రోజుల్లాగే గడిచాయి, వరస లేకుండా, కాకపోతే చల్లగా. పూత, పిందె, కాయ, మళ్లీ పూత. పొద్దున్న జంపక్క వచ్చేది. ఇద్దరూ ఒకే కుండలో వండుకుని తినేవారు, ఒకే బుర్రలో నీళ్లు తాగేవారు. ఏడాది తిరిగాక ఒక సాయంత్రం పద్మప్రియ దగ్గరినుంచి సెల్లుకు ఫోన్ వచ్చింది. పిల్ల చివర్లో "అన్నం తిన్నావా అమ్మా" అని అడిగింది. ఆ రాత్రి ప్రమీలారాణికి కల కూడా రాలేదు, అంత హాయిగా పడుకుంది.

వెంకటరామారావు తోటకు వచ్చేవాడు, కానీ కంచె దగ్గరే ఆగి కాయ చూసుకుని పోయేవాడు. చిన్నింటి గడప తొక్కలేదు. గూడెంతో పొత్తు కూడిన ఆ ఇంట్లో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనని ఊళ్లో అందరిముందూ అని ఉన్నాడు.

రెండువేల తొమ్మిది వేసవి. రోహిణి ఎండ. కాయ కోతకు వచ్చిందని చూడడానికి ఒక్కడే నడిచి వచ్చాడు ఆయన. ప్రమీలారాణి వాగు దగ్గర బట్టలు ఉతుక్కుని, తడిబట్టలు భుజాన వేసుకుని తిరిగి వస్తోంది. చెట్ల సందునుంచి చూసేసరికి, ఆయన తన పాత మంచం మీద కూలబడి ఉన్నాడు. ముఖం కందిపోయింది, కళ్లు తేలిపోతున్నాయి. ఎండదెబ్బ. ఎదురుగా జంపక్క, భుజాన బుర్రతో, ఏం చెయ్యాలో తెలియక అటూ ఇటూ చూస్తోంది.

పరుగెత్తాలనుకుంది ప్రమీలారాణి. ఈలోగా జంపక్క గొంతు వినబడింది. అదే గాభరా, అదే మర్యాద. ఇన్నేళ్లయినా పెద్దింటి మగమనిషి ముందు ఆమెకు తెలిసిన దారి ఒకటే.

"నా ఎంగిలి బుర్ర మీకెట్ల ఇయ్యనయ్యా. దోసిలి పట్టుండ్రి, నేను పైనుంచి పోస్తా."

వెంకటరామారావు తలెత్తి ఆమెను చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కాళ్లు నేలకు దించి, నడుం వంచి, ఉంగరాలున్న రెండు చేతులూ దగ్గరగా చేర్చి నోటిముందు పట్టాడు. ఆకుల సందు ఎండలో నీటిపోగు దిగింది. తెల్లచొక్కా ముందంతా తడిసింది. ఆయన భుజాలు కదులుతున్నాయి, నీళ్లు మింగుతున్నాడో ఇంకేమైనానో దూరంనుంచి తెలియలేదు. ఆ భుజాలు చూస్తుంటే ప్రమీలారాణికి ఆయన మీద ఎన్నడూ లేనంత జాలి పుట్టింది, ప్రేమ పుట్టింది. తడిబట్టలు అక్కడే జారవిడిచి నడవసాగింది.

జంపక్క చాలనుకుని చెయ్యి వెనక్కి తీసింది. ఆయన దోసిలి దించలేదు.

"ఇంకాస్త పొయ్యి జంపక్కా" అన్నాడు.

ఆమె మళ్లీ పోసింది.